విషయం: ఆరు వారాలుగా ఒక్క ప్రశ్నకు జవాబు ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం. ఫాంట్లను జతపరచడం నేర్పే మీ ఆటకు నేను మూడేళ్లుగా చందాదారును. ఆటలోని తప్పు చిన్నదే. శీర్షికకు గిల్ శాన్స్ ఇచ్చిన దశలో మ్యాటర్‌కు జోయానా ఎంచుకుంటే మీ ఆట తప్పని తేలుస్తున్నది. 1928 నాటి మొదటిదానినీ, ఆ తర్వాత రెండుమూడేళ్లకు రెండవదానినీ గీసినది ఎరిక్ గిల్ ఒక్కరే కనుక, ఒకదానికి సెరిఫ్‌లు, అంటే అక్షరపు గీతల చివర ఉండే చిన్న కొసలు, ఉండి మరొకదానికి లేకపోయినా రెండింటి అక్షరాలలోనూ ఒకే చేతి తీరు కనబడుతుంది. అదే ఆట హెల్వెటికా పక్కన యూనివర్స్ పెడితే నక్షత్రాలు కురిపిస్తున్నది. 1957లోనే వచ్చిన ఆ రెండూ సెరిఫ్‌లు లేనివి, ఇంచుమించు ఒకే పోలికవి. అంత దగ్గరి పోలిక ఉన్నవాటిని పక్కపక్కన పెడితే చూసేవారికి పొరపాటుగా తోస్తుందని మీ మొదటి పాఠమే నాకు చెప్పింది.

నా కోపం దాని మీద కాదు. ఈ నాలుగు ముక్కలు మీ సంస్థలో ఒక్కరి చెవిన వేయడానికి నేను పడిన పాట్ల మీద.

చాట్‌లో మొదట పలికిన ప్రతినిధి నా ప్రశ్న చదవకుండానే యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నాను. నేను దాటిన దశలన్నీ చెరిగిపోయాయి, తప్పు మాత్రం చెక్కుచెదరలేదు. ఫోన్‌లో దొరికిన రెండవవారు అక్షరాలు కనబడకపోతే సైజు పెంచుకొమ్మని ఎంతో దయతో సలహా ఇచ్చి, కాల్‌ను చందాల విభాగానికి మళ్లించారు. అక్కడివారు నా గోడు మొదటి నుంచి చెప్పించుకుని, అంతా విన్నాక, ఇంకా పెద్ద ప్లాన్‌కు మారతారా అని అడిగారు. నాలుగవ ప్రతినిధి అరగంట విని, “ఇంతకీ మీ ఫోన్‌లో ఫాంట్ మారడం లేదా అండీ?” అన్నారు. ఆ మర్నాడే నా సమస్య పరిష్కారమైందనీ, సేవకు అయిదు నక్షత్రాలు ఇవ్వాలనీ ఈమెయిల్ వచ్చింది. జవాబు రాస్తే, ఆ చిరునామాకు జవాబులు స్వీకరించబడవని మరొక ఈమెయిల్ వచ్చింది. జతపరచడం నేర్పే సంస్థ ఒక ప్రశ్నకు దాని జవాబును జతపరచలేకపోవడం ముచ్చటగానే ఉంది.

మీ ఆట నాకు నిజంగా మేలు చేసింది, కాదనను. ఏ రెండు ఫాంట్లు ఎందుకు కలుస్తాయో చూసే కన్ను నాకు దానివల్లే వచ్చింది. పేజీలు కూర్చడం నేర్చుకుంటున్న నా మిత్రులు కొందరు నా మాట విని చందా కట్టారు. వారికి ఇప్పుడు ఏమి చెప్పమంటారో మీరే సెలవివ్వండి. ఆ దశను సరిదిద్దుతారో, పోయిన నా దశలను తిరిగి ఇస్తారో, చందా వాపసు చేస్తారో మీ ఇష్టం, కానీ ఈ లేఖను చదివిన మనిషి ఒకరు తన పేరుతో నాకు జవాబు రాయాలి.

పది రోజుల్లో అది రాకపోతే మీ ప్రతినిధుల సంభాషణలన్నీ తేదీలతో సహా వినియోగదారుల కమిషన్ ముందు ఉంచుతాను. ఈ లేఖకు కూడా సమస్య పరిష్కారమైందనే ఈమెయిలే వస్తే, దానినీ ఆ కాగితాలకు జతచేస్తాను.

ఇట్లు,
ఇప్పటికింకా మీ చందాదారు