ఆ అమ్మాయిని ఒక్కసారి కూర్చోబెట్టి ఫొటో తీయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పేజీ నిండా వేసిన పట్టుచీర ఫొటో ఇప్పుడు నా కటింగ్ టేబుల్ మీద ఉంది. నేను దాచుకున్నది కాదు, కస్టమర్లు తెచ్చింది. ముగ్గురు తెచ్చారు. ఇద్దరు ఫోన్‌లో చూపించారు, ఒకావిడైతే పేజీనే చింపి ఆది జాకెట్టులో మడిచి తెచ్చింది. "అచ్చం ఇట్లాగే కావాలి అక్కా, ఒక్క గీత తేడా రాకూడదు" అని ముగ్గురిదీ ఒకటే మాట. నేను చెన్నై కోడంబాకంలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మీరు వేసే ఫొటోలకు చివరికి జవాబు చెప్పుకోవాల్సింది నేను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫొటో బాగోలేదని కాదు. చాలా బాగుంది, కుట్టుపని వదిలేసి నేనూ కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. నేరేడుపండు రంగు పట్టు, పక్కనుంచి పడ్డ వెలుతురులో జరీ అంచు ఒక్కచోటే మెరవడం, అది తీసినవాడికి పని తెలుసు. కానీ ఆ అమ్మాయి చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడితే చంక దగ్గర ఒక్క ముడత లేదండీ! అట్లాంటి జాకెట్టు నేను ఇంతవరకూ కుట్టలేదు, మా మామయ్యా కుట్టలేదు. తెలుగు సినిమాలు ఇక్కడే తీసే రోజుల్లో ఆయన స్టూడియోల్లో కాస్ట్యూమ్స్‌లో పనిచేశారు. కెమెరా ముందువైపే చూస్తుంది, వెనకవైపు మన ఇష్టం అనేవారు, వీపు మీద పిన్నీసులు పెట్టి జాకెట్టు బిగించి షాట్ అయ్యాక ఒక్కోటీ లెక్కపెట్టి తీసేవారట, ఒకటి తగ్గితే హీరోయిన్ గారు కూర్చున్నప్పుడు తెలుస్తుంది మరి.

ఇప్పుడూ అంతే. మా అక్క కూతురు తరమణిలో నిఫ్ట్ అనే ఫ్యాషన్ కాలేజీలో చదువుతోంది, ఫొటో షూట్‌లకు సాయం వెళుతుంటుంది. మోడల్ వెనక్కి తిరిగితే కాగితాలకు పెట్టే పెద్ద నల్ల క్లిప్పులు వీపు పొడుగునా వరసగా ఉంటాయట. పైట గాలికి ఎగిరినట్టు కనపడటానికి ఒకరు చెంగు పట్టుకుని విసిరేసి ఫ్రేములోంచి పక్కకి పరిగెత్తాలట, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే పని. ఫొటోగ్రాఫర్ మోకాళ్ల మీద కూర్చుని కింద నుంచి తీస్తే మనిషి ఇంకో అర అడుగు పొడుగు కనపడుతుంది, అసలే మోడళ్లు పొడుగు. ఇంకా మిగిలిన ముడతలు కంప్యూటర్లో పోతాయి.

దీన్ని మోసం అనను. అందంగా తీయడం వాళ్ల పని. కాకపోతే ఆ ఫొటో చూసి డబ్బు కట్టేవాళ్లకు వెనక క్లిప్పులు ఉన్నాయని తెలియదు. కుట్టు సరిగ్గా రాలేదని మాట పడేది నేను.

ఆర్నెల్ల కిందట నుంగంబాకంలో ఒక షాపుకి పేరున్న డిజైనర్ వస్తున్నాడని మా కస్టమర్ ఒకావిడ నన్నూ తీసుకెళ్లింది. పూలు, జ్యూసులు, సెల్ఫీలకు క్యూ. ఆయనేమో నలిగిన ఖాదీ కుర్తా, మామూలు చెప్పులతో వచ్చాడు, అక్కడ హాయిగా ఉన్నది ఆయనొక్కడే అనిపించింది నాకు. కుచ్చిళ్లు ముందే పెట్టి కుట్టేసిన రెడీమేడ్ చీర ఒకటి చూపించారు, అడుగున బాగా ఇరుకు. "ఇది కట్టుకుని మెట్లెక్కొచ్చా సార్?" అని అడిగేశాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు, కింద కూర్చుని అంచు తిరగేసి చూసి, కష్టమేనమ్మా, పక్కన చీలిక పెట్టి ఉండాల్సింది అన్నాడు. ఆ మాటతో ఆయన మీద గౌరవం పెరిగింది. షాపువాళ్లు వెంటనే మాట మార్చేసి ఇంకో రంగు తెచ్చి చూపించారు. ఆవిడ అదే కొంది. రిసెప్షన్‌కి కారెక్కుతుంటే పక్క కుట్టు పిగిలి, రాత్రి ఎనిమిదింటికి మండపం నుంచి నాకు ఫోన్. సూదీ దారం పట్టుకుని ఆటోలో వెళ్లాను, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

కట్టుకునేవాళ్ల గురించి ఆలోచించే పెద్ద డిజైనర్లు లేక కాదు. 2025 సెప్టెంబరులో 91 ఏళ్లకు పోయిన జార్జియో అర్మానీ పేరు తెచ్చుకున్నదే కోటు లోపలి ప్యాడింగు, గట్టి లైనింగు తీసేసి, ఒంటి మీద చొక్కాలా వదులుగా నిలిచేట్టు కుట్టి. ఈ మాట మా అక్క కూతురు చెప్పినప్పుడు నాకు ఈర్ష్య వేసింది. లైనింగు తీసేసి కూడా షేపు నిలబెట్టడం ఎంత కష్టమో కుట్టేవాళ్లకు తెలుసు. ఆయన కూడా చాలాసార్లు నీలం టీషర్టులోనే జనం ముందుకు వచ్చేవాడట.

ఉతకడం సంగతి కూడా ఎవరూ రాయరు. మద్రాస్ అని మన ఊరి పాత పేరు పెట్టుకున్న చెక్స్ గుడ్డ ఉంది కదా, 1958లో ఒక అమెరికన్ వ్యాపారి దాన్ని ఇక్కణ్ణుంచి కొన్నాడు. చన్నీళ్లలో విడిగా ఉతకాలి, రంగు దిగుతుంది అన్న ఒక్క మాట అక్కడ చొక్కాలు కొన్నవాళ్ల దాకా చేరలేదు. మిగతా బట్టలన్నీ రంగు పట్టి పెద్ద గొడవైంది. చివరికి వాళ్లు గ్యారంటీగా రంగు దిగే గుడ్డ ఇది అని ప్రకటన ఇచ్చి, తప్పునే ఫ్యాషన్ చేసి అమ్మేశారు. తెలివంటే తెలివే. మా దగ్గర ఎర్ర జాకెట్టు రంగు తెల్లచీరకు పడితే మాత్రం ఏ ప్రకటనా కాపాడదు.

మీరు ఫ్యాషన్ పేజీ మానేయమని కాదు నేను అడిగేది. ఆ పెద్ద ఫొటో పక్కన ఇంకో రెండు చిన్నవి వేయండి చాలు. ఒకటి వెనకవైపు, క్లిప్పులు తీసేశాక. ఇంకోటి అదే అమ్మాయి కుర్చీలో కూర్చుని. రవివర్మ బొమ్మల్లో ఆడవాళ్లు ఎంతమంది కూర్చుని ఉంటారో చూడండి, చీర ముడత పడాల్సిన చోట పడి ఉంటుంది, దానివల్ల వాళ్ల అందం ఏం తగ్గింది? కింద ఏ గుడ్డో, ఇంట్లో ఉతకొచ్చో లేదో ఒక లైను రాయండి. ధర రాస్తే ఇంకా మంచిది, అది రాయనివ్వరేమో.

ఇంకో మాట. న్యూయార్క్‌లో బిల్ కన్నింగ్‌హామ్ అని ఒకాయన ఉండేవాడు, 2016లో పోయాడు. సైకిల్ మీద తిరుగుతూ రోడ్డు మీద పోయేవాళ్ల బట్టలు ఫొటోలు తీసి పేపర్లో వేసేవాడు. మీరు మార్గళి నెల కచేరీలప్పుడు మైలాపూర్ సంగీత సభల దగ్గరికి ఒక ఫొటోగ్రాఫర్‌ని పంపండి. అరవై దాటిన మామీలు పాత కంచిపట్టు కట్టుకుని, మూడు గంటల కచేరీ కూర్చుని విని, క్యాంటీన్‌లో కాఫీ తాగి, ఎంటీసీ బస్సెక్కి ఇంటికి వెళతారు. ఆ చీర అప్పటికీ చక్కగానే ఉంటుంది. అడిగి తీయండి, అడగకుండా తీస్తే తిడతారు, తిట్టాలి కూడా.

పేజీ చింపి తెచ్చినావిడ గురువారం ట్రయల్‌కి వస్తుంది. చంక కింద అరంగుళం ఎక్కువే వదిలాను. ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి పైకెత్తమని చెప్పి చూశాకే హుక్కులు కుడతాను.

ఇట్లు,
ఒక జాకెట్ల టైలరు,
కోడంబాకం, చెన్నై