పిడుదులు కనిపించాక మందు కొడితే ఆలస్యమే

సంపాదకులకు,

పశువుల చెవుల్లో, పొదుగు దగ్గర పిడుదులు గుత్తులు కట్టాకే నివారణ శిబిరాలు పెట్టడం మామూలైపోయింది. తేదీలు ఖరారు చేసేవాళ్లు క్యాలెండర్ కంటే ముందు పిడుదు బతుకు చూడాలి.

వేడి ప్రాంతాల పశువుల్లో విరివిగా కనిపించే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే రకం పిడుదు పిల్లగా ఎక్కి, అదే పశువు మీద సుమారు 21 రోజుల్లో పెద్దదవుతుంది. ఆముదం గింజలా ఉబ్బిన ఆడది రాలిపోయి, చెత్త కిందో గడ్డి మొదట్లోనో రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. ఎండకు గుడ్లు ఎండిపోతాయి, అందుకే వేసవిలో వీటి బెడద తగ్గుతుంది. తేమ తగిలితే నెల అటూ ఇటూగా పిల్లలవుతాయి. తొలకరిలో ‘పదే కదా’ అని వదిలేసిన ఆడ పిడుదులు ఇరవై వేలకు పైగా గుడ్లు పెడతాయన్నమాట. వానాకాలం చివర్లో కనిపించే గుంపు అలా తయారైందే. అప్పటికి ఒంటి మీద ఉన్నవి కొన్నే, మిగతావన్నీ గడ్డిలో కాచుకుని ఉంటాయి. కాబట్టి మొదటి పిచికారీ తొలి వానలతోనే జరగాలి, తర్వాత 21 రోజులకోసారి మూడు నాలుగు విడతలు కొనసాగాలి.

హయలొమ్మా అనే మరో రకం పిడుదు లెక్క వేరు. అది పొడి వాతావరణానికి ఓర్చుకుంటుంది, గోడల పగుళ్లలో దాక్కుని వేసవిలోనూ బయటికొస్తుంది. థైలేరియా జ్వరాన్ని అంటించేది ఇదే. పశువుకు ఎంత మందు కొట్టినా కొట్టం గోడ పగుళ్లు పూడ్చకపోతే ఇది పోదు.

ఇక పిచికారీ చేసే తీరు. అమిట్రాజ్ 12.5 శాతం మందును లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలపాలి (గుర్రాలకు మాత్రం వాడకూడదు). పెద్ద పశువుకు మూడు నాలుగు లీటర్లు పట్టాలి, నీళ్లు కారేదాకా తడపాలి. చాలాచోట్ల అర లీటరు వీపు మీద చల్లి ముగిస్తున్నారు. పిడుదులు ఉండేది వీపు మీద కాదు. చెవి లోపల, గంగడోలు ముడతల్లో, తోక కింద, తొడల సందున చూడండి. పలచగా కలిపితే చావకుండా మిగిలినవే గుడ్లు పెడతాయి, మరి కొన్నాళ్లకు మందే పనిచేయదు. అప్పుడు కంపెనీ మారిస్తే లాభం లేదు, మందు రకం మార్చాలి. పశువుకు ముందే నీళ్లు తాపి, ఎండ తగ్గాక, వాన సూచన లేనప్పుడు కొట్టాలి. పాలు, మాంసం ఎన్ని రోజులు వాడకూడదో సీసా మీద చదవాలి.

పిడుదుల్ని వేళ్లతో నలపడం కూడా మానాలి, హయలొమ్మాలో వైరస్ ఉంటే అది మనుషులకూ సోకుతుంది.

పశు సంవర్ధక శాఖకు ఒక విన్నపం. ప్రతి పదిహేను రోజులకు ఉదయాన్నే ఐదారు పశువుల ఒక పక్కన, 4.5 నుంచి 8 మి.మీ. ఉన్న ఆడ పిడుదుల్ని లెక్కించి రెట్టింపు చేసి రాయించండి. శిబిరం తేదీ ఆ కాగితాన్ని బట్టి పెట్టండి.

– ఒక పశువైద్యుడు