ఆ మూడేళ్లు నేను ఖాళీగా లేను

తెలంగాణ కార్మిక, ఉపాధి శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

నమస్కారం. మాది మల్కాజిగిరి. పదకొండేళ్లు అకౌంట్స్‌లో పనిచేసి, నాన్నకు పక్షవాతం రావడంతో ఉద్యోగం మానేశాను. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, మంచిదే. కన్నవాళ్లను చూసుకోవడానికి మాత్రం ప్రైవేటు ఉద్యోగికి అలాంటి హక్కు లేదు.

నాన్నకు గిన్నెడు జావ తాగించాలంటే నలభై నిమిషాలు పట్టేది. చెంచా పెట్టి, గుటక పడిందో లేదో గొంతు మీద వేలుంచి చూసి, మళ్లీ చెంచా. తొందరపడితే పొలమారేది. ఆఫీసులో నెలాఖరుకు అందరి మీదా అరిచిన మనిషిని నేను! ఓపికంటే ఏమిటో ఆ గిన్నె దగ్గరే తెలిసింది. ఆయన పడుకున్నాక అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలు ముందేసుకుని, ఎప్పుడో ఆగిపోయిన డిగ్రీ పూర్తిచేశాను.

మొన్న ఒక జాబ్ మేళాలో రెజ్యూమే చూసినాయన, "మూడేళ్లు ఖాళీయేనా మేడమ్?" అని పక్కన పెట్టేశారు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

అయ్యా, మీ శాఖ నిర్వహించే మేళాల దరఖాస్తుల్లో "విరామంలో ఏం చేశారు, ఏం నేర్చుకున్నారు" అని నాలుగు గీతల జాగా ఇప్పించండి. గ్యాప్ ఒక్కటే చూసి తిరస్కరించొద్దని కంపెనీలకు రాతపూర్వకంగా చెప్పండి. మహిళా వ్యాపారుల కోసం 2018లోనే వీ హబ్ పెట్టిన నగరం మనది. తిరిగి ఉద్యోగంలో చేరాలనుకునేవాళ్లకూ ఒక కౌంటర్ పెట్టించండి. మొదటి రోజే వచ్చి వరుసలో నిలబడతాను.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక అకౌంటెంట్