గడ్డ కేన్సర్ కాదన్నంత మాత్రాన ఉంచుకోమని కాదు

సంపాదకులకు నమస్కారం.

మెడ చుట్టూ వచ్చే గడ్డల గురించి మీ ఆరోగ్య పేజీలో ఆమధ్య ఒక వ్యాసం వేశారు. గడ్డలన్నీ కేన్సర్లు కావు, భయపడకండి అన్నారు. నిజమే. కానీ లాలాజల గ్రంథిలో వచ్చే గడ్డ విషయంలో ఆ మాట అక్కడితో ఆపకూడదు. మా మేనత్త ఆ సగం మాటనే పట్టుకుని పదిహేడేళ్లు ఉండిపోయింది.

ఆవిడది నరసాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లికాక ముందు నుంచీ లేసు అల్లేది. 2006లో కుడి చెవి తమ్మె కింద, దవడ మూల దగ్గర చిన్న గడ్డ లేచింది. నొప్పి లేదు, జ్వరం లేదు. గవదబిళ్ళలన్నారు, పట్లు వేశారు. ఎంతకీ కరగకపోతే సూది పరీక్ష చేయించారు. ప్లియోమార్ఫిక్ అడినోమా అని వచ్చింది. "కేన్సర్ కాదమ్మా, తీయించుకుంటే మంచిది, తొందరేం లేదు" అన్నారట డాక్టరుగారు. ఇంటికి చేరేసరికి అందులో మొదటి ముక్కే మిగిలింది. పైగా ఆపరేషన్ చేస్తే మూతి వంకర పోతుందని ఎవరో చెప్పారు. ఇక ఆ మాట ఎత్తితే "నొప్పి లేదుగా, ఊరుకోరా అబ్బాయ్" అనేది.

నాకు పాలకొల్లులో ఫొటో స్టూడియో ఉంది. మా బంధువుల పెళ్లిళ్లన్నీ నేనే తీశాను కాబట్టి ఆవిడ ముఖం ఏళ్లవారీగా నా దగ్గర ఉంది. సర్జన్‌గారు ఎప్పటి నుంచి ఎలా పెరిగిందని అడిగినప్పుడు ఆ ఫొటోలే వరసగా పెట్టి చూపించాను. 2008లో పక్క నుంచి తీసిన దాంట్లో తప్ప గడ్డ తెలియదు. 2015 గృహప్రవేశం నాటికి చెవి తమ్మె పైకి లేచి ఉంది. 2022 సంక్రాంతికీ దాదాపు అంతే. 2023 దసరాకి రెట్టింపయింది. ఆయన చివరి రెండు ఫొటోల దగ్గరే చాలాసేపు ఆగారు. ఏళ్ల తరబడి నెమ్మదిగా ఉన్న గడ్డ నెలల్లో పెరిగిందంటే లోపల స్వభావం మారిందని అనుమానించాలట. అప్పటికే ఆవిడకు నొప్పి మొదలైంది, కుడి కన్ను పూర్తిగా మూతపడటం లేదు.

ఆయన ఓపిగ్గా చెప్పిన సంగతులు పాఠకులకూ తెలియాలి. లాలాజల గ్రంథుల్లో వచ్చే గడ్డల్లో పదింట ఎనిమిది చెవి ముందు, కింద ఉండే పెరోటిడ్ గ్రంథిలోనే వస్తాయి. వాటిలోనూ పదింట ఎనిమిది కేన్సర్ కావు. అందులో ఎక్కువగా కనిపించేది ఈ ప్లియోమార్ఫిక్ అడినోమాయే. చాలావరకు 8వ క్రోమోజోమ్ మీద ఉన్న పీఎల్ఏజీ1 అనే జన్యువు చోటు మారి అతుక్కోవడం వల్ల కణాలు అదనంగా పెరిగి గడ్డవుతాయి. అంతవరకూ అది పక్కకు పాకదు, ప్రాణం తీయదు. కానీ ఆ కణాలు ఏళ్ల తరబడి విభజన చెందుతూనే ఉంటాయి. కాలం గడిచేకొద్దీ కొత్త జన్యులోపాలు చేరతాయి. కణాలను అదుపులో ఉంచే టీపీ53 లాంటి జన్యువు దెబ్బతింటే అదే గడ్డలో ఒక మూల కేన్సర్ మొదలవుతుంది. మొదటి ఐదేళ్లలో ఇలా మారేది నూటికి ఒకరిద్దరిలోనే. పదిహేనేళ్లు దాటితే నూటికి పది మంది దాకా ఉంటారని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి.

ఇంకొకటి నన్ను బాగా కలవరపెట్టింది. మారిన భాగం చిన్నదైతే సూది దానికి తగలకపోవచ్చు. అందువల్ల రిపోర్టులో మళ్లీ కేన్సర్ కాదని వచ్చినా, గడ్డ త్వరగా పెరుగుతుంటే, గట్టిపడి కదలకుండా ఉంటే, మెడలో బిళ్ళలు కడితే, ముఖం ఒక పక్క వాలితే ఆ కాగితం చూసి ధైర్యపడకూడదు.

మూతి వంకర భయం గురించి కూడా రాయాలి. ముఖాన్ని కదిలించే నరం ఈ గ్రంథి లోపలికి వచ్చి, ధవళేశ్వరం దిగువన గోదావరిలా పాయలుగా చీలుతుంది. గడ్డ మామూలుదిగా ఉన్నప్పుడు సర్జన్ ఆ పాయలను ఒక్కొక్కటే తప్పించి, గడ్డను చుట్టూ ఉన్న కాస్త గ్రంథితో సహా తీస్తారు. కొందరికి కొంతకాలం ముఖం బలహీనంగా ఉన్నా ఎక్కువమందికి తిరిగి వస్తుంది. కేన్సర్ నరంలోకి పాకితే మాత్రం నరాన్నీ తీయాల్సిందే. మా అత్తయ్యకు అదే జరిగింది. గ్రంథి మొత్తం, నరం, మెడలోని బిళ్ళలు తీసి తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ప్రాణం దక్కింది. ఏ భయంతో ఆపరేషన్ వద్దందో చివరికి అదే వచ్చింది. రాత్రిళ్లు కంటికి టేపు వేసుకుని పడుకోవాలి. కన్ను ఎండిపోయి మంట, లేసు కుట్లు లెక్కపెట్టలేకపోతోంది.

దయచేసి ఎవరూ ఇలాంటి గడ్డను చీముగడ్డ అనుకుని కోయించుకోవద్దు, వాతలు పెట్టించుకోవద్దు. దాని పొర పల్చన, చిన్న చిన్న మొగ్గలు బయటికి పొడుచుకుని ఉంటాయి. పైపైన తొలిచి తీస్తే అవి మిగిలిపోయి ఏళ్ల తర్వాత ఒకటికి నాలుగు గడ్డలుగా లేస్తాయి. అప్పుడు నరాన్ని కాపాడటం కష్టం, కేన్సర్‌గా మారే అవకాశమూ ఎక్కువ. అంగిలిలోనూ, దవడ కిందా కూడా ఈ గడ్డలు వస్తాయి. చిన్న గ్రంథుల్లో వచ్చేవాటిలో కేన్సర్ పాలు మరింత ఎక్కువ కాబట్టి నోట్లో నొప్పి లేని ఉబ్బును అసలు తేలిగ్గా తీసుకోకూడదు.

పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లను జుట్టు చెవుల వెనక్కి తీసుకోమంటాను కదా, అప్పుడప్పుడూ ఇలాంటి గడ్డలు కనిపిస్తాయి. కొందరు "అది కనపడకుండా చేయండి" అంటారు. అడిగింది చేసిస్తూనే, చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోమని చెబుతున్నాను. మంగలి షాపుల వాళ్లు, జాకెట్లు కుట్టేవాళ్లు కూడా చెప్పగలరు.

మీ ఆరోగ్య పేజీలో ఈ విషయం మీద ఒక సర్జన్‌తో వివరంగా రాయించండి. మా అత్తయ్య ఫొటోలు వేసుకోవచ్చంది, ముఖం దాచక్కర్లేదంది, అడిగితే పంపుతాను. పరీక్ష కేంద్రాల వారికీ ఒక మనవి. ఈ గడ్డ రిపోర్టు మీద "కేన్సర్ కాదు, అయినా తీయించుకోవాలి, సర్జన్‌ను కలవండి" అని తెలుగులో ఒక వాక్యం అచ్చువేసి ఇవ్వండి.

ఒక పాఠకుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా