చచ్చిన పశువుల లెక్కతోనే ఆగిపోతే ఎలా?

సంపాదకుడు గారికి,

కరువో వరదో వచ్చినప్పుడు ఎన్ని పశువులు చచ్చిపోయాయో పేపర్లో వస్తుంది, వారం తిరిగేసరికి ఆ వార్తే కనిపించదు. కాపరి ఇంట్లో అసలు నష్టం మొదలయ్యేది ఆ తర్వాతే.

బతికిన జీవాల సంగతి చూడండి. మేత లేక చిక్కిపోయిన చూడి గొర్రెలు ఈసుకుపోతాయి, అంటే నెలలు నిండకముందే పిల్లని పడేస్తాయి. ఒకవేళ ఈనినా పొదుగులో పాలుండవు, పిల్ల తలతో పొడుస్తూ వట్టి చన్నే చీకుతూ ఉంటుంది, రెండు రోజులకి అదీ లేవదు. ఆ పిల్ల ఏ లెక్కలోకీ రాదు. ఇంట్లో తిండిగింజలకి డబ్బు కావాలి, అందరూ ఒకేసారి అమ్మకానికి తెస్తారు కాబట్టి ధర పడిపోతుంది, పోతులు అయిపోయాక చివరికి తల్లుల్నీ అమ్మేస్తారు. తల్లిని అమ్మడమంటే వచ్చే ఏటి మందని అమ్ముకోవడమే. మేక ఐదు నెలలకే ఈనుతుంది కాబట్టి మేకల మంద కొంచెం త్వరగా లేస్తుంది. ఒంటె అయితే దాదాపు 13 నెలలు మోస్తుంది, పుట్టిన ఆడపిల్ల ఎదకి రావడానికి మళ్లీ మూడు నాలుగేళ్లు. ఈలోపు ఇంకో కరువు వస్తే? 2020 చివరి నుంచి ఇథియోపియా, కెన్యా, సోమాలియాల్లో వరసగా ఐదు సీజన్లు వానలు సరిగ్గా పడలేదు.

మంచుకీ చలికీ మేత దొరక్క పశువులు చచ్చిపోయే ఘోరమైన చలికాలాన్ని మంగోలియాలో జుడ్ అంటారు. అక్కడ 2009-10లో అలాంటి చలికాలంలో 80 లక్షలకు పైగా పశువులు చచ్చిపోయాయి. అలా మందలు పోగొట్టుకున్న ఎన్నో కుటుంబాలు రాజధాని ఉలాన్‌బాతర్ అంచుకి చేరి గుడారాలు వేసుకున్నాయి. ఏ గొర్రె ఏ తల్లి బిడ్డో చూడగానే చెప్పగలిగిన మనిషి అక్కడ ఏ కూలి దొరికితే ఆ కూలికి వెళ్తాడు, కొడుక్కి మంద వెంట నడవడమే తెలియకుండా పోతుంది. నాకు అన్నిటికన్నా బాధనిపించేది ఇదే, ఎందుకంటే డబ్బిచ్చి పశువుల్ని కొనిపెట్టొచ్చు గానీ ఆ తెలివిడిని కొనలేం.

దారి లేక కాదు. కెన్యాలోని మార్సబిట్‌లో, పచ్చిక ఎంత ఎండిందో ఉపగ్రహంతో చూసి డబ్బు చెల్లించే బీమా 2010లోనే మొదలైంది. తర్వాత దాన్ని పశువులు చావకముందే, మేత కొనుక్కునే సమయానికి డబ్బు అందేలా మార్చారు. చచ్చాక ఇచ్చే పరిహారం కన్నా, తల్లుల్ని కాపాడుకోవడానికి ముందే ఇచ్చే దాణా ఎంతో మేలు.

2026ని ఐక్యరాజ్యసమితి పచ్చిక బయళ్లు, పశుకాపరుల సంవత్సరంగా ప్రకటించింది. మీకు నా విన్నపం ఒక్కటే. విపత్తు వచ్చిన వారమే కాదు, రెండేళ్ల తర్వాత కూడా మీ విలేకరిని అదే కాపరి దగ్గరికి పంపి, మందలో ఎన్ని తల్లులు మిగిలాయో అడిగి రాయించండి.

– ఒక పాఠకుడు