లెడ్జర్‌లో తేడా వచ్చిన షాపులవారికి

మా దగ్గర మందులు కొనే మెడికల్ షాపుల యజమానులకు నమస్కారం.

బ్యాంకులో పాసైన చెక్కులు కూడా ఈసారి మేం పంపిన స్టేట్‌మెంటులో బాకీగా కనిపించాయని మీలో కొందరు ఫోన్ చేశారు. మరికొందరి ఖాతాలో బిల్లు నంబరుంది, అందులో మందులే లేవు. కారణం మా సర్వర్‌లోని డేటా ఫైళ్ళు. బాగుచేసిన కొద్ది రోజులకే మళ్ళీ పాడవుతున్నాయి.

మా బిల్లింగ్ ప్రోగ్రాం ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసినది. దానికి మైక్రోసాఫ్ట్ 2015 జనవరిలోనే సపోర్టు ఆపేసింది. బ్యాచ్, ఎక్స్‌పైరీ, 10+1 (పది కొంటే ఒకటి ఉచితం) స్కీములు అన్నీ చక్కగా చూసుకుంటుంది కనుక మేమూ వదల్లేదు. ఈ పద్ధతిలో సర్వర్ ఒట్టి బీరువా. ప్రతి కౌంటర్ కంప్యూటరూ నెట్‌వర్క్ మీదుగా తానే వచ్చి ఫైలులో రాసి పోతుంది. రాస్తుండగా లైను తెగితే కొన్ని వివరాలు టేబుల్‌లో (అసలు పట్టికలో) పడతాయి, ఇండెక్సులో (వాటిని వెతికిపెట్టే సూచికలో) పడవు; కొన్ని ఎక్కడా పడవు. రీఇండెక్స్ చేస్తే, అంటే సూచికను మళ్ళీ తయారుచేస్తే, ఇండెక్సు సరవుతుంది గానీ, అసలు రాయకుండా ఆగిపోయిన వరుసలు తిరిగి రావు.

సర్వర్ మార్చమన్నారు, మార్చాం. ఫైలు మళ్ళీ చెడింది. యాంటీవైరస్ తనిఖీ నుంచి డేటా ఫోల్డరును తప్పిస్తే కొంత నయమైంది. చివరికి తేదీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఫైలు చెడిన ప్రతిసారీ గోడౌన్‌లో కరెంటు పోయింది. సర్వర్‌కు యూపీఎస్ ఉంది, కౌంటర్లకు ఇన్వర్టర్ ఉంది. వాటిని కలిపే చిన్న నెట్‌వర్క్ స్విచ్ మాత్రం నేరుగా గోడ ప్లగ్గులో ఉంది! జనరేటర్ అందుకునేలోపే బిల్లు సగంలో తెగిపోయేది. కొత్త సర్వర్‌కు పోసిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

స్విచ్‌ను యూపీఎస్‌కు కలిపాక ఫైళ్ళు నిలకడగానే ఉన్నాయి. ఇక పాడవవని మాత్రం మాట ఇవ్వలేను. అందుకే ఏప్రిల్ 1 నుంచి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు మారుతున్నాం. అందులో ఫైలును ముట్టుకునేది సర్వర్‌లోని డేటాబేస్ ఒక్కటే. ప్రతి మార్పునూ ముందు లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది కనుక, కరెంటు పోతే బిల్లు మొత్తం ఉంటుంది, లేదా మొత్తం ఉండదు. బ్యాకప్‌లు కూడా ఏ రోజువి ఆ రోజుకు విడిగా తీసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూస్తున్నాం.

లెక్క తేలేదాకా మీ దగ్గరున్న కాగితం బిల్లే ప్రమాణం. ఎక్స్‌పైరీ సరుకు వాపసు ఇచ్చిన స్లిప్పులు ఎక్కువగా పోయాయి, వాటి ఫోటోలు పంపండి. తేడా ఉన్న మొత్తాన్ని మా సేల్స్‌మన్ అడగడు, సరఫరా ఆగదు. ఏప్రిల్ 1, 2 తేదీల్లో బిల్లింగు నెమ్మదిస్తుంది. ఇన్సులిన్ వంటి ఫ్రిజ్ సరుకు కావాలంటే ఫోన్ చేయండి, చేతిబిల్లుతో పంపిస్తాం.