గ్రీన్ కార్డు ప్రెసిడెంట్ ఒక్కడి చేతిలో లేదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా అబ్బాయి డాలస్‌లో పదకొండేళ్ల నుంచి ఉంటున్నాడు, ఇంకా గ్రీన్ కార్డు రాలేదు. అమెరికా ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఫలానా ఆయన గెలిస్తే మనవాళ్లకి మంచిది, ఫలానా ఆయన వస్తే కష్టం అని పేపర్లో వస్తుంది, అది చదివి మా ఆవిడ ప్రతిసారీ ఆశ పెట్టుకుంటుంది, అందుకే రాస్తున్నా.

మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ ఉన్నాయనే ప్రధాని కాబట్టి ఆయన అనుకున్న బిల్లు మామూలుగా పాసైపోతుంది. అక్కడ ప్రెసిడెంట్ ఎన్నిక వేరు, కాంగ్రెస్ (పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు పేరే అది) ఎన్నిక వేరు. మంత్రులు కాంగ్రెస్‌లో మెంబర్లుగా ఉండటానికే వీల్లేదు. చట్టం చేసేది కాంగ్రెస్, ప్రెసిడెంట్ సంతకం పెడతాడు లేదా వీటో చేస్తాడు, వీటోని కొట్టెయ్యాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.

ఉద్యోగాల మీద ఏడాదికి దాదాపు 1,40,000 గ్రీన్ కార్డులు, ఒక్కో దేశానికి 7 శాతం, ఇది 1990లో కాంగ్రెస్ చేసిన చట్టం. దాన్ని ఏ ప్రెసిడెంటూ సంతకంతో మార్చలేడు. ఆ 7 శాతం లిమిట్ తీసెయ్యాలని 2019 జులైలో కింది సభలో 365-65తో బిల్లు పాసైంది, ఆ రోజు మా ఇంట్లో పండగే. తర్వాత పై సభ సెనేట్ 2020 డిసెంబర్‌లో కొన్ని మార్పులతో తన బిల్లు పాస్ చేసింది, కానీ రెండు సభలూ ఒకే బిల్లుని పాస్ చేస్తేనే అది ప్రెసిడెంట్ దగ్గరికి వెళ్తుంది, ఈలోపు ఆ కాంగ్రెస్ టర్మ్ అయిపోయింది, బిల్లూ పోయింది. అంత దగ్గరికొచ్చి పోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రెసిడెంట్ చేతిలో ఏమీ ఉండదని కాదు. H4 (H-1B ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్న మా కోడలు లాంటి వాళ్లు కొందరికి 2015 నుంచి పని చేసుకునే పర్మిట్ ఇస్తున్నారంటే అది ప్రభుత్వం తెచ్చిన రూలే, కొత్త చట్టం కాదు. రూల్ కాబట్టి తర్వాత వచ్చినవాళ్లు తీసేస్తారేమోనని ఎప్పుడూ భయమే.

ఇంకోటి, అక్కడ షట్‌డౌన్ అయితే మన టీవీల్లో ప్రభుత్వం పడిపోతుందన్నట్టు చెప్తారు. బడ్జెట్ పాస్ కాకపోతే ఆఫీసులు ఆగుతాయి, 2018 డిసెంబర్‌లో మొదలైంది 35 రోజులు నడిచింది, ప్రెసిడెంట్ మాత్రం అక్కడే ఉన్నాడు. మన దగ్గర 1999లో బాలయోగి గారు స్పీకర్‌గా ఉన్నప్పుడు వాజ్‌పేయి గారు 269-270తో ఒక్క ఓటు తేడాలో దిగిపోయారు గుర్తుందా, అక్కడ 1868లో ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్ మీద అభిశంసన పెడితే సెనేట్‌లో 35 మంది దోషి అన్నా 19 మందే కాదన్నా, మూడింట రెండొంతులకి ఒక్క ఓటు తక్కువై పదవి నిలబడింది.

కాబట్టి ఈసారి అక్కడ ఎన్నికలొస్తే ప్రెసిడెంట్ ఫొటోతో పాటు సెనేట్ 100 సీట్లు, కింది సభ 435 సీట్లు ఎవరికెన్ని వచ్చాయో ఒక బాక్స్‌లో వెయ్యండి, మా ఆవిడకి అది చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి